అశోక్‌నగర్ బావి, అనంతపురం బోరు

నా బావమరిది అనంతపురం జిల్లాలో రైతు. ఫోను చేశాడంటే మొదట వాన సంగతి, తరువాత బోరు సంగతి, ఆఖరున వాళ్ళక్క ఆరోగ్యం. 2020 డిసెంబరులో ఒక రాత్రి మాత్రం ఆ వరస తప్పింది. "ఏం బావా, మీ కలకత్తా పక్కన నూనె పడిందంట గదా! టీవీలో చూపిస్తాండారు. ఇంక మీకు పెట్రోలు అగ్గువకే ఇస్తారేమో!" అన్నాడు.

పడింది అన్నాడు చూశారా. బోరులో నీళ్ళు పడినట్టు నూనె పడింది. భూమిలోంచి చమురు తీయడం ఏటికేడు ఎందుకు ఖరీదైపోతోందో చెప్పమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాటే. ఎన్నో నివేదికలు తిరగేశాను గాని, చివరికి నాకు విషయం తలకెక్కింది అతని చేలో బోరు దగ్గరే. అందుకని ఈ రోజు బెంగాల్ నుంచి అనంతపురానికి, అక్కడినుంచి కాకినాడ సముద్రానికి కాస్త తిరుగుదాం.

ముందు ఆ నూనె పడిన ఊరు. సియాల్దా స్టేషన్లో బనగావ్ లోకల్ ఎక్కితే బారాసాత్ దాటాక అశోక్‌నగర్ రోడ్ అనే స్టేషను వస్తుంది. కలకత్తాకు 50 కిలోమీటర్ల లోపే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ బ్రిటిష్ వాళ్ళ విమానాలు దిగే రన్‌వే ఉండేది. దేశం రెండు ముక్కలయ్యాక, తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాల కోసం ఆ జాగాలో కాలనీ కట్టారు. ఆ ఊరి అంచున బైగాచి అనే చోట ఓఎన్‌జీసీ తవ్విన బావిలో చమురు, గ్యాస్ ఉన్నాయని 2018లో తేలింది. 2020 డిసెంబరు 20న అప్పటి పెట్రోలియం మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ వచ్చి దాన్ని జాతికి అంకితం చేశారు. దేశంలో చమురు పండే బేసిన్లలో బెంగాల్ ఎనిమిదవది అయింది. అసోం, గుజరాత్, ముంబై తీరం, రాజస్థాన్, కావేరి, మన కృష్ణా గోదావరి ఇవన్నీ ఎప్పుడో ఆ వరసలో ఉన్నాయి. బావి దగ్గర నింపిన ట్యాంకరు లారీలు హల్దియా రిఫైనరీకి బయలుదేరాయి. మిఠాయిలు పంచుకున్నారు. బెంగాల్లో మిఠాయి లేని శుభకార్యం ఉండదు గదా.

ఆ చోటు కనిపెట్టడానికి ఓఎన్‌జీసీకి అయిన ఖర్చు 3,300 కోట్ల రూపాయలకు పైమాటే అని అప్పుడే చెప్పారు. ఈ అంకె చెబితే నా బావమరిది కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు: "ఎన్ని బోర్లు ఫెయిలైనాయి?"

అడగవలసిన ప్రశ్న అదే.

బెంగాల్లో చమురు వేట ఈనాటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర కోట్ల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు ఇక్కడ కిలోమీటర్ల మందాన పేరుకుంది. డెల్టా అడుగున, ఆ బురదలో చచ్చిపడిన నాచు, సూక్ష్మజీవులు, చెట్టూచేమా ఒత్తిడికి, వేడికి ఉడికి చమురవుతాయి. కోనసీమ కింద జరిగింది కూడా అదే వంట. కాబట్టి ఇక్కడా దొరకాలని భూగర్భ శాస్త్రజ్ఞులు మొదటినుంచీ అనుకున్నారు. 1953లో భారత ప్రభుత్వం స్టాండర్డ్ వాక్యూం అనే అమెరికా కంపెనీతో కలిసి ఇండో స్టాన్‌వాక్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. పది బావులు తవ్వారు. ఒక్కదాంట్లోనూ అమ్మకానికి సరిపడే చమురు పడలేదు. 1960 నాటికి ఆ దుకాణం కట్టేశారు. ఆ తరువాత ఓఎన్‌జీసీ దశాబ్దాల పాటు తవ్వుతూనే వచ్చింది. బెంగాల్ బావుల జాబితా చూస్తే రాణాఘాట్, బోద్రా, ఇచ్ఛాపూర్ అని ఊళ్ళ పేర్లు వస్తాయి. గోల్ఫ్ గ్రీన్ కూడా ఉంటుంది! అది దక్షిణ కలకత్తాలో ఫ్లాట్ల మధ్య పార్కులున్న పేట. అక్కడ ఉదయం నడకకు వచ్చే పెద్దమనుషులకు తమ కాళ్ళకింద ఒకప్పుడు చమురు కోసం వెతికారని చెబితే నమ్మరు. ఇచ్ఛాపూర్ అయితే జనపనార మిల్లుల దారిలోది. ఆ వరస ఊళ్ళలో, టీటాగఢ్, కాంకినారా, జగద్దల్‌లో, శ్రీకాకుళం వైపు నుంచి మిల్లుల్లో పనికి వచ్చిన మనవాళ్ళ పిల్లలు, మనవలు ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు.

నా బావమరిది లెక్క ప్రకారం, నాలుగు బోర్లు వేస్తే ఒకటి పడింది అనుకోండి, ఆ పడిన బోరు ఖరీదు నాలుగు బోర్ల ఖరీదు. అంతేగాని "ఇది పడింది, దీనికి ఇంతే అయింది, మిగతా మూడూ దురదృష్టం ఖాతాలో" అని ఏ అప్పులవాడూ రాసుకోడు. చమురు లెక్క కూడా అంతే. అశోక్‌నగర్‌లో పడిన ఒక్క బొట్టు మీద ముందు ఎండిపోయిన బావుల బరువుంది.

ఇక్కడ ఒక మాట విడదీసి చెప్పాలి. బంకు ధర వేరు, బావి ధర వేరు. మనం లీటరుకు వంద రూపాయల పైన ఇస్తున్నామంటే అందులో కేంద్రం సుంకం ఉంది, రాష్ట్రం పన్ను ఉంది, డీలరు కమీషను ఉంది. ప్రపంచ మార్కెట్లో ముడిచమురు రేటు పూటకో తీరు. 2008 జూలైలో పీపా 147 డాలర్లు తాకింది. 2020 ఏప్రిల్ 20న, లాక్‌డౌన్ రోజుల్లో, అమెరికాలో ముడిచమురు వాయిదా ధర సున్నా కిందికి దిగి మైనస్ 37 డాలర్లయింది. సరుకు తీసుకుపొమ్మని ఎదురు డబ్బిచ్చారన్నమాట. పెట్టుకోవడానికి చోటు లేక! ఆ రోజు బావి తవ్వే ఖర్చు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ధర గాలిపటం, ఎగురుతుంది, పడుతుంది. నేను చెబుతున్నది దాని కింద నేలలో జరుగుతున్న సంగతి.

ఆ నేల సంగతి కలకత్తా నుంచే మొదలవుతుంది. అసోం అడవుల్లో నూనె ఊటలున్నాయని విని, కలకత్తాకు చెందిన మెకిల్లప్ స్టూవర్ట్ కంపెనీ తరఫున గుడెనఫ్ అనే ఆయన 1866లో అక్కడ బావి తవ్వించాడు. మొదటిది ఫెయిల్. ఆ మరుసటి ఏడు, 1867 మార్చి 26న, మాకుం అనే చోట చమురు పడింది. ఎంత లోతులో? 118 అడుగులు! మా బావమరిది తాత కాలం నాటి దిగుడుబావి కంటే కాస్త ఎక్కువ. అమెరికాలో డ్రేక్ 1859లో తవ్విన పేరుమోసిన బావి 70 అడుగులు కూడా లేదు. చమురు కోసం భూమిని ఎక్కువ బతిమాలనక్కర్లేని రోజులవి. కొన్నేళ్ళ తరువాత డిగ్‌బోయ్‌లో 1889లో మొదలుపెట్టి మరుసటి ఏటికి 662 అడుగులు దించారు.

బర్మాలో అయితే అంతకు చాలా ముందునుంచే యెనంగ్యాంగ్‌లో చేత్తో తవ్విన చమురు బావులుండేవి. వాటి హక్కు వంశపారంపర్యం. మనిషిని మోకుకట్టి దించేవారు. అడుగున గ్యాస్ వల్ల కాసేపటికే పైకి లాగాలి. తరువాత బర్మా ఆయిల్ కంపెనీ అక్కడ యంత్రాలు దించింది. ఆ కంపెనీ కిరసనాయిలు డబ్బాలు కలకత్తాకూ మద్రాసుకూ వచ్చి, అక్కడినుంచి మన పల్లెల లాంతర్లలోకి చేరాయి. నూనె అయిపోయాక ఆ డబ్బాలతో నీళ్ళు మోశారు, కావళ్ళు కట్టారు, వాటిని విప్పి పాకల మీద రేకులుగా వేశారు. బర్మాకు కూలికి పోయిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరది. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వాళ్ళు రంగూన్ వెళితే, నూనె ఇటు వచ్చింది. ఈ కోరంగి పేరు గుర్తుపెట్టుకోండి. అటువైపు సముద్రంలోకి తరువాత వెళదాం.

118 అడుగులు, 662 అడుగులు, ఆ తరువాత వేల అడుగులు. ఎందుకిలా? మా బావమరిది ఊళ్ళో జరిగిందే. తాత బావి తవ్వాడు, కపిలతో తోడాడు. తండ్రి బావిలో సైడు బోర్లు వేయించాడు. ఇతను పొలంలో బోరు దించాడు, ఇప్పుడు వెయ్యి అడుగుల దగ్గర ఉన్నాడు. మొదట పైన ఉన్నది తాగేశాం. మనిషి ఎప్పుడైనా తేలికైనదే ముందు తీసుకుంటాడు. చెట్టుకు చేతికందే కాయలు ముందు కోస్తాం, కొమ్మ చివరివి మిగులుతాయి. వాటి కోసం నిచ్చెన కావాలి, కొక్కెం కట్టిన వెదురు కావాలి, ఒక్కోసారి కాలు జారి పడితే వైద్యుడు కూడా కావాలి.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. బోరు రేటు అడుగుకింత అని ఉంటుంది గదా, అది అన్ని అడుగులకూ ఒకటే కాదు. మొదటి మూడు వందలకు ఒక రేటు, తరువాత వందకు ఇంకాస్త, ఆ తరువాత ఇంకా. లోతుకు పోయిన కొద్దీ రాయి గట్టిపడుతుంది, కడ్డీల బరువు పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ డీజిల్ తాగుతుంది. చమురు బావిలో ఇదే సూత్రం ఇంకా ఘోరంగా పనిచేస్తుంది. లోతున వేడి పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. దాన్ని తట్టుకునే ఉక్కు గొట్టాలు, సిమెంటు, తవ్వే ముక్కు, అన్నీ మామూలువి పనికిరావు. కృష్ణా గోదావరి సముద్రంలో దీన్‌దయాళ్ అనే గ్యాస్ క్షేత్రం ఇలాంటిదే. అధిక ఒత్తిడి, అధిక వేడి. మొదట గుజరాత్ ప్రభుత్వ సంస్థ దాని మీద బోలెడు డబ్బు పోసి తిప్పలు పడి, 2017లో ఓఎన్‌జీసీకి 80 శాతం వాటా అమ్మేసింది.

ఒత్తిడి అంటే ఏమిటో మా కోనసీమవాళ్ళకు చెప్పక్కర్లేదు. మాది ఆ గడ్డే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయింది. మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. రాత్రిళ్ళు కొబ్బరితోటల మీద ఆకాశం ఎర్రగా ఉండేదని, దీపం పెట్టుకోకుండానే పెరట్లో పళ్ళేలు తోముకున్నారని మావాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పదిహేనేళ్ళకు, 2010లో, మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది పోయారు, నెలల తరబడి చమురు సముద్రంలో కలిసింది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ మూతల మీద మూతలు, తనిఖీల మీద తనిఖీలు, బీమా మీద బీమా చేరతాయి. చేరాలి కూడా. ఆ ఖర్చును నేను దండగ అనను. మొదటి రోజుల్లో చమురు చౌకగా దొరికిందంటే, అందులో కొంత ఈ ఖర్చులు పెట్టకపోవడం వల్ల.

ఇప్పుడు కోరంగి దగ్గరికి వద్దాం. కాకినాడ తీరానికి ముప్పై కిలోమీటర్లకు పైగా దూరంలో, బంగాళాఖాతం లోతు నీటిలో ఓఎన్‌జీసీకి ఒక బ్లాకు ఉంది. కేజీ డీడబ్ల్యూఎన్ 98/2 అని దాని పేరు. పిల్లవాడికి పెట్టే పేరు కాదు గాని, చమురు లోకంలో ఇలాగే ఉంటాయి. అందులో నీటి లోతే 300 మీటర్ల దగ్గర మొదలై 3 వేల మీటర్లు దాటుతుంది. ఆ నీళ్ళు దాటాక నేల, ఆ నేలలో మళ్ళీ వేల అడుగులు. 2016లో ఈ పనికి 500 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి మంజూరైంది. గడువులు ఒకదాని వెనక ఒకటి జరిగాయి, మధ్యలో కోవిడ్ వచ్చింది. చివరికి 2024 జనవరి 7న మొదటి చమురు బయటికొచ్చింది. వందేళ్ళ కిందట ఏ తీరం నుంచి కోరంగీలు బర్మా పడవలెక్కారో ఆ తీరం ఎదుటే.

దాని పనితీరు కాస్త వినండి, ఖర్చు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. సముద్రం అడుగున బావి తలలు. అక్కడ మనిషి దిగలేడు, రోబో యంత్రాలే బిగించాలి. అక్కడినుంచి గొట్టాలు పైకి వచ్చి, తేలే ఫ్యాక్టరీ లాంటి ఓడలోకి చేరతాయి. చమురును, నీటిని, గ్యాస్‌ను ఆ ఓడ విడదీసి, చమురును కడుపులో దాచుకుంటుంది. ట్యాంకరు వచ్చి పట్టుకెళుతుంది. ఇంతవరకూ బాగుంది. చిక్కేమిటంటే ఆ చమురులో మైనం ఎక్కువ. కలకత్తా డిసెంబరు చలికి మా ఇంట్లో కొబ్బరినూనె సీసా గడ్డకడుతుంది. నా భార్య దాన్ని బాల్కనీలో ఎండకు పెట్టి, కరిగాక తలకు రాసుకుంటుంది. సముద్రం అడుగున ఎండేదీ? పైన కాకినాడలో ముప్పై అయిదు డిగ్రీలున్నా లోతు నీళ్ళు చల్లగా ఉంటాయి. మైనం గొట్టంలోనే పేరుకుంటే గుండె రక్తనాళం మూసుకుపోయినట్టే. అందుకని గొట్టంలో గొట్టం పెట్టి, రెంటి నడుమ వేడి పోకుండా కప్పి తెచ్చారు. థర్మాస్ ఫ్లాస్కును కిలోమీటర్ల పొడవున పరిచారనుకోండి. రాజస్థాన్‌లో బార్మేర్ దగ్గర మంగళ క్షేత్రంలోనూ ఇదే తంటా. అక్కడ ఎడారి, 2009లో చమురు మొదలైంది, అది కూడా మైనం చమురే. గుజరాత్ దాకా వందల కిలోమీటర్ల గొట్టాన్ని దారి పొడవునా వేడిచేస్తూ పంపాలి.

లోతు నీటిలో తవ్వే ఓడల అద్దె రోజుకు 4 లక్షల డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. రోజుకు! తుఫాను వచ్చి పని ఆగితే మీటరు ఆగదు, వెయిటింగ్‌లో ఉన్న టాక్సీ లాగా. అన్నిటికంటే పెద్ద ఖర్చు కాలం. ఈ బ్లాకును ఓఎన్‌జీసీ కొన్నది 2005లో. చమురు వచ్చింది 2024లో. పెట్టిన డబ్బు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. రూపాయికి రూపాయి వడ్డీ అయిన అప్పులు మన ఊళ్ళలో చూశాం గదా.

ఇంత శ్రమపడి తీసిన బావి కలకాలం ఇస్తుందా అంటే అదీ లేదు. 1974లో సాగర్ సామ్రాట్ రిగ్గు బాంబే హై కనిపెట్టింది. అప్పుడు దేశమంతా పండగ. 1980లలో అక్కడ రోజుకు 4 లక్షల పీపాల పైన తీశారు. ఇప్పుడు అందులో మూడోవంతు కూడా రావడం లేదు. చమురు తీసిన కొద్దీ లోపలి ఒత్తిడి పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి నీళ్ళు కొట్టాలి. కొట్టిన నీళ్ళు చమురుతో కలిసి తిరిగి పైకి వస్తాయి. ముసలి బావుల్లో నూనె కంటే నీళ్ళే ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద పీపా చమురుకు దాదాపు మూడు పీపాల నీళ్ళు పైకొస్తాయని లెక్క. ఆ నీటిని తోడాలి, శుభ్రం చేయాలి, మళ్ళీ భూమిలోకి నెట్టాలి. పాలవాడి నీళ్ళకు మనం డబ్బిచ్చినట్టే.

గుజరాత్ మెహసానా దగ్గర బాలోల్, సంథాల్ అని రెండు క్షేత్రాలున్నాయి. అక్కడి చమురు తారు మాదిరి చిక్కన, కదలదు. అక్కడ చేసేది వింటే ఆశ్చర్యం వేస్తుంది. బావిలోకి గాలి కొట్టి, లోపలున్న చమురులో కొంతభాగాన్ని భూగర్భంలోనే మండిస్తారు. ఆ వేడికి మిగతాది పలచబడి పక్క బావివైపు జరుగుతుంది. 1990లలో మొదలుపెట్టారు, పనిచేసింది కూడా. మంచి ఇంజినీరింగ్. కాని ఆలోచించండి, చమురు కోసం చమురునే కట్టెలుగా వాడుతున్నాం.

నా దృష్టిలో అసలు ఖర్చు ఇక్కడుంది, డబ్బులో కాదు. ఒకప్పుడు ఒక పీపా చమురు కాల్చి ఎన్నో పీపాలు పైకి తెచ్చేవాళ్ళం. ఇప్పుడు తవ్వడానికి, కొట్టడానికి, వేడిచేయడానికి, మోయడానికి అయ్యే శక్తి పెరిగి, చేతికి మిగిలేది తగ్గుతోంది. చార్లెస్ హాల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ నిష్పత్తిని లెక్కకట్టే పద్ధతిని దశాబ్దాల కిందటే వాడుకలోకి తెచ్చారు. మా బావమరిదికి ఆ పేరు తెలియదు, లెక్క మాత్రం కంఠతా వచ్చు. పాత మోటారు అయిదు హార్స్‌పవర్, మూడించుల నీళ్ళు. ఇప్పుడు పదిహేను హార్స్‌పవర్, ఇంచున్నర. "కరెంటు ఊరికే ఇస్తాండారు గాబట్టి సరిపోయింది బావా, బిల్లు కట్టాలంటే దానిమ్మ అమ్మి బోరుకే ఇయ్యాల" అంటాడు.

అయితే పూర్తిగా ఒకవైపే మాట్లాడితే న్యాయం కాదు. చమురు అన్నిచోట్లా ప్రియం కాలేదు. సౌదీ ఆరామ్‌కో 2019లో వాటాలు అమ్మేటప్పుడు ఇచ్చిన పత్రాల్లో, పీపా పైకి తీయడానికి తమకయ్యే ఖర్చు సగటున 3 డాలర్ల లోపే అని చెప్పింది. ఆ ఎడారి కింద ఇంకా చేతికందే కాయలున్నాయి. బ్రెజిల్ వాళ్ళు రెండు కిలోమీటర్ల నీళ్ళు, ఆ కింద మందపాటి ఉప్పు పొర చీల్చి చమురు తీస్తున్నారు. అయినా ఒక్కో బావి వరదలా ఇవ్వడంతో వాళ్ళకు గిట్టుబాటైంది. అమెరికాలో 1970 తరువాత ఉత్పత్తి పడిపోతే ఇక అయిపోయిందన్నారు. 1956లోనే హబ్బర్ట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పతనాన్ని ముందే చెప్పాడు. కాని షేల్ రాళ్ళను నీళ్ళతో, ఇసుకతో పగలగొట్టే పద్ధతి వచ్చి, అమెరికా 2018 నాటికి పాత రికార్డు దాటేసింది. జోస్యం చెప్పినవాళ్ళు నాలిక కరుచుకున్నారు. 2014లో ధర పడిపోయినప్పుడు ఆ కంపెనీలు పని నేర్చి ఖర్చు బాగా తగ్గించాయి కూడా.

కాని షేల్ బావి గుణం వేరు. మొదటి ఏడాదిలోనే ఉత్పత్తి సగానికి పైగా పడిపోతుంది. నిలబెట్టాలంటే పక్కన ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి తవ్వుతూనే ఉండాలి. ఆగితే పడిపోయే సైకిలు. కెనడాలో తారు ఇసుక ఉంది, పీపా చమురుకు సుమారు రెండు టన్నుల ఇసుక తవ్వి వేడినీళ్ళతో కడగాలి. కజకిస్థాన్‌లో కషగాన్ అనే చమురు క్షేత్రం 2000లో బయటపడింది, అప్పట్లో దశాబ్దాల్లో అంత పెద్దది దొరకలేదన్నారు. 2013లో చమురు మొదలవగానే, దాంట్లోని విషవాయువు గొట్టాలకు పగుళ్ళు పట్టించింది. గొట్టాలన్నీ మార్చి తిరిగి మొదలుపెట్టేసరికి 2016. మొత్తం ఖర్చు 5 వేల కోట్ల డాలర్లు దాటింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ఒక మాట చెప్పింది. 2019 నుంచి చమురు, గ్యాస్ వెలికితీతకు పెడుతున్న పెట్టుబడిలో దాదాపు 90 శాతం, పాత బావుల్లో తగ్గిపోతున్న ఉత్పత్తిని పూడ్చడానికే పోతోందట. అంటే పదిలో తొమ్మిది రూపాయలు కన్నం పడ్డ కుండ నిండుగా ఉంచడానికే.

మన దేశం లెక్క చూడండి. 2011-12లో దాదాపు 3 కోట్ల 80 లక్షల టన్నుల ముడిచమురు తీశాం. ఇప్పుడది 3 కోట్ల టన్నుల కిందికి వచ్చింది. వాడకం పెరుగుతూనే ఉంది. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచి తెచ్చుకుంటున్నాం. ఆ తెచ్చుకోవడంలో కూడా కలకత్తాకు ఒక చిక్కుంది. హుగ్లీ మేట వేసే నది. ఏ ఒండ్రు కోట్ల ఏళ్ళలో అశోక్‌నగర్ కింద చమురు వండిందో అదే ఒండ్రు ఇవాళ హల్దియా రేవును పూడుస్తోంది. పెద్ద ట్యాంకర్లు నిండు బరువుతో లోపలికి రాలేవు. ఏళ్ళ తరబడి డ్రెడ్జింగు మీద డబ్బు నదిలో పోశారు. చివరికి ఒడిశాలో పారాదీప్ ఎదుట సముద్రంలో పెద్ద ఓడలు ఆగే లంగరు కట్టి, అక్కడినుంచి హల్దియాకు పైపులైను వేసుకున్నారు. 19వ శతాబ్దం చివరినుంచీ కిరసనాయిలు దిగిన బజ్‌బజ్ రేవు హల్దియాకు ఎగువనే. అక్కడి నూనె ట్యాంకులు రైలు కిటికీలోంచి కనిపిస్తాయి. అప్పటి ఓడలు చిన్నవి, నది సరిపోయేది.

అశోక్‌నగర్ సంగతి మళ్ళీ చెప్పి ముగిస్తాను. 2020లో అంత సంబరం జరిగినా, పెద్ద ఎత్తున తీయడానికి కావలసిన మైనింగ్ లీజు కాగితం కేంద్రానికీ రాష్ట్రానికీ నడుమ ఏళ్ళ తరబడి నలిగింది. పొలాలు ఎవరివి, పరిహారం ఎంత, రాయల్టీ ఎవరికి, ఈ ప్రశ్నలు కూడా బావి ఖర్చులో భాగమే. అవి రాళ్ళకంటే గట్టివి, ఏ రిగ్గూ వాటిని తవ్వలేదు. బనగావ్ లోకల్లో కూర్చున్న పెద్దమనిషిని ఒకసారి అడిగాను, మీ ఊళ్ళో నూనె పడింది గదా, ఏమైనా మారిందా అని. ఆయన పేపరు మడిచి, "మా వీధి రోడ్డు పాడైంది, బరువు లారీలు తిరుగుతున్నాయి" అన్నాడు.

ఈ ప్రసంగం రాసుకుంటూ నిన్న బావమరిదికి ఫోను చేశాను. చేలో కొత్తగా పాయింటు చూపించాడట. కొబ్బరికాయ అరచేతిలో నిలబడిందట. ఎన్ని అడుగులు అన్నాను. "పన్నెండు నూర్లని రాయించినా బావా. రిగ్గు మంగళవారం వస్తాది."